వెనక నడిచిన ఆడపడుచు

డిపోలో ఆమెను అందరూ డేగమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా కోపగించుకునేది కాదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. బస్సెక్కగానే ఆమె ఎవరి చేతుల వంకా చూసేది కాదు, మెడల వంక చూసేది. టిక్కెట్టు ఉన్నవాడు ఎవరొచ్చారా అని మెడ తిప్పి చూస్తాడు. లేనివాడికి మాత్రం ఉన్నట్టుండి కిటికీ బయటి లోకం మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. ఒకసారి ఒక పెద్దమనిషి వేరేవాళ్ల పాసు చూపించాడు. ఫోటోలో ముక్కూ మొహమూ అచ్చం ఆయనవే. డేగమ్మ పాసును అటూ ఇటూ తిప్పి చూసి, "మీ తమ్ముడు కులాసాయేనా?" అని అడిగింది. "ఆ, బాగానే ఉన్నాడు" అనేసి ఆయన నాలిక కరుచుకున్నాడు. ఈ కథ డిపో క్యాంటీన్లో చాలా ఏళ్లు తిరిగింది.

ఉద్యోగం అయిపోయినా బుద్ధి మాత్రం విరమణ తీసుకోలేదు. పాల ప్యాకెట్టు మీద తేదీ దిద్దారేమోనని వెలుతురుకు పెట్టి చూసేది. కుళాయి బాగుచేసే మనిషి వెళ్లాక, బాగున్న వాషరు తీసి పాతది బిగించాడేమోనని మళ్లీ విప్పేది. రొట్టెల ఫ్యాక్టరీలో షిఫ్టు మేస్త్రీగా పనిచేసే ఆమె భర్త, "ఏంటోనే, పోలీసు స్టేషన్లో కాపురం పెట్టినట్టుంది నా బతుకు" అని నవ్వేవాడు. ఆయన నవ్వు మీద మాత్రం ఆమెకు ఎప్పుడూ అనుమానం కలగలేదు. ఆయన కడుపులో మాట నోట్లోకి రావడానికి అరక్షణం కూడా పట్టదు మరి.

ఆయన చెల్లెలు అలా కాదు. ఆమెతోనే చిక్కు.

ఆ ఆడపడుచు పెళ్లి చేసుకోలేదు. తండ్రి వదిలిపోయిన గడియారాల దుకాణం నడుపుకుంటూ ఆ దుకాణం పైగదిలోనే ఉండేది. మందుల షాపుకూ మంగలి షాపుకూ నడుమ ఇరుక్కున్న సన్నని దుకాణం అది. గోడనిండా గంటల గడియారాలు, బల్ల మీద పింగాణీ పళ్లెంలో కంటికి ఆనని మరలు, ఆ పక్కన చిన్న పట్టకారు. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, తల వంచి, గంటలు గంటలు మాట్లాడకుండా కూర్చునేది. మాట్లాడే మనుషుల్ని డేగమ్మ ఇట్టే చదివేస్తుంది. మాట్లాడనివాళ్లను ఎక్కడ పట్టుకోవాలి?

కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి చేతి గడియారం ఆగిపోతే ఆడపడుచుకిచ్చింది. బాగుచేసి ఇచ్చాక చూస్తే ఐదు నిమిషాలు ముందుకు పెట్టి ఉంది. 'నేను ఎప్పుడూ ఆలస్యంగా బయల్దేరతానని దెప్పడమన్నమాట' అనుకుంది డేగమ్మ. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా గొడవలంటూ లేవు, చనువూ లేదు. పలకరింపులు, పొడిపొడి మాటలు, అంతే.

అలాంటి ఆడపడుచు ఒకనాడు ఉన్నట్టుండి దుకాణం మూసేసింది. గడియారాలన్నీ దించేసింది. ఎందుకని అన్న అడిగితే "విసుగొచ్చింది" అంది. ముప్పై ఏళ్లు రాని విసుగు ఇప్పుడెందుకొచ్చిందో ఆయన అడగలేదు. డేగమ్మ మనసులోనే అడుగుతూ ఉండిపోయింది.

అటుపైన కొన్ని వారాలకు ఆడపడుచు వాళ్లింటికొచ్చి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని, "వదినా, నాతో నదీబాట నడవడానికి వస్తావా?" అంది.

డేగమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. నదీబాట సంగతి అందరికీ తెలుసు. ఊరి అవతల ఆనకట్ట దగ్గర మొదలై, నది వెంటే ఎదురెక్కుతూ, అడవులూ కనుమలూ దాటి, నది పుట్టే మంచుకొండ దాకా పోయే కాలిబాట. మూడు వారాల నడక. దారి పొడుగునా రాళ్ల మీద తెల్ల గీతలు గుర్తులు. రోజు నడక చివర ఒక్కో బస. నడిచేవాళ్లంతా కుర్రకారు.

"నాతోనా?" అంది.

"నీతోనే."

"మీ అన్నయ్యని పిలవచ్చుగా?"

"అన్నయ్య మోకాళ్లు మన వీధి మలుపు దాకే పనిచేస్తాయి. నువ్వైతే ఉద్యోగమంతా నిలబడే చేశావు."

"నీ స్నేహితులెవరూ లేరా?"

"ఉంటే నిన్నెందుకు అడుగుతా?" అంది ఆడపడుచు, నిమ్మకు నీరెత్తినట్టు.

ఆమె వెళ్లిపోయాక డేగమ్మ తెగ ఆలోచించింది. పలకరింపులకే పరిమితమైన మనిషి మూడు వారాలు పక్కనే ఉండమని అడుగుతోందంటే ఏదో ఉంది. వెళ్లకపోతే అదేమిటో ఎప్పటికీ తెలియదు. వెళితే కనీసం కళ్లముందు జరుగుతుంది. భర్త ఆశ్చర్యపోతుండగానే బజారుకెళ్లి గట్టి అడుగు ఉన్న బూట్లు కొనుక్కొచ్చింది. కొన్నాక ఆ అడుగు నిజంగా రబ్బరేనా అని గోరుతో గిల్లి చూసింది.

మొదటిరోజే మొదటి అనుమానం తగిలింది. ఆడపడుచు ముందు నడవడానికి ఒప్పుకోలేదు.

"నువ్వు పద వదినా, నీ వెనకే వస్తా."

వెనక అంటే మామూలు వెనక కాదు. డేగమ్మ ఏ రాయి మీద కాలేస్తే ఆ రాయి మీదే కాలు. ఆగితే ఆగుతుంది, వంగితే వంగుతుంది. వీపు మీద ఎవరో ఊపిరి వదులుతున్నట్టుంది. బాట పక్కనే నది లోతుగా, తెల్లగా, హోరుమంటూ పోతోంది. 'నేల గట్టిదో కాదో చూడ్డానికి నన్ను ముందుకు తోస్తోందా?' అనుకుంది డేగమ్మ. 'కూలితే నేను కూలాలి. తను ఆగిపోవచ్చు.'

మాటిమాటికీ ఒకటే ప్రశ్న: "తెల్ల గీత కనిపిస్తోందా?"

"నీకు కళ్లు లేవా?" అంది డేగమ్మ విసుగ్గా.

"నువ్వు చూస్తున్నావుగా" అంది ఆడపడుచు.

మొదటి బస రాతిగోడల పొడవాటి గది. రెండంతస్తుల మంచాలు, నడిమధ్య ఇనప పొయ్యి, తీగల మీద ఆరేసిన తడి మేజోళ్లు. బస చూసుకునే ఆవిడ ఎదురొచ్చి కరచాలనానికి చెయ్యి చాపింది. ఆడపడుచు ఆ చేతి వంక చూడనైనా చూడకుండా మొహం చూసి నవ్వి పక్కకు తప్పుకుంది. ఆవిడ మొహం చిన్నబోయింది. 'ఎంత పొగరు!' అనుకుంది డేగమ్మ. భోజనాల బల్ల దగ్గర మోచేతి పక్కనున్న సూపు గిన్నెను ఆడపడుచు తోసేసింది. అది వెళ్లి పక్కవాడి ఒళ్లో పడింది. ఆ పక్కవాడు పసుపు టోపీ పెట్టుకున్న బక్కపలచని మనిషి. నదిలో అక్కడక్కడా పాతిన కొలబద్దలు చూసి నీటిమట్టం రాసుకునే ఉద్యోగం అతనిది. వాళ్లలాగే ఎగువకు వెళ్తున్నాడు. వేడి సూపు ఒళ్లో పడితే ఎవరైనా గంతేస్తారు. అతను గంతెయ్యలేదు. ఆడపడుచు కళ్లలోకి అదోలా చూసి, "ఫర్వాలేదండీ, ఫర్వాలేదు" అన్నాడు, ఎన్నాళ్లనుంచో తెలిసిన మనిషితో అన్నట్టు.

డేగమ్మ చెంచా గాల్లో ఆగిపోయింది.

ఆ తర్వాత బసల్లో కూడా పసుపు టోపీ తగులుతూనే వచ్చింది. పొద్దున వాళ్లకంటే ముందు బయల్దేరి కొలబద్దల దగ్గర ఆగి, సాయంత్రానికి వాళ్లున్నచోటికే చేరేవాడు. డేగమ్మ కుళాయి దగ్గరికో, బూట్లు ఆరబెట్టడానికో వెళ్లి వచ్చేసరికి ఇద్దరూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. ఆమె అడుగుల చప్పుడు వినగానే మాట ఆగిపోయేది.

"ఏంటి మాట్లాడుకుంటున్నారు?"

"నది గురించి."

నది గురించి అంత గుసగుసలెందుకు?

ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. ఎండ ఉన్నంతసేపు ఆడపడుచు మామూలుగానే ఉంటుంది. కొండ నీడ బాట మీద పడ్డం మొదలైందంటే చాలు, కంగారు. "త్వరగా పద వదినా, బస ఇంకెంత దూరం?" బసకు చేరాక మంచం దిగదు. ఒకరోజు సూర్యాస్తమయం బంగారం పోత పోసినట్టుందని అందరూ బయటికి పరుగెత్తితే, ఆమె మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఇంతదూరం కొండలు చూడ్డానికే వచ్చినావిడకు సూర్యాస్తమయం అక్కర్లేదా? అయితే కొండలు చూడ్డానికి రాలేదన్నమాట.

మరుసటిరోజు పొద్దున బస వెనక తొట్టి దగ్గర డేగమ్మ మేజోళ్లు ఉతుకుతుంటే గోడ అవతల ఆడపడుచు గొంతు వినిపించింది. చెవులు రిక్కించింది.

"సాయంత్రంలోగా పైబసకి చేరతామంటారా?"

"పైదారినే వచ్చెయ్యండి. నేనక్కడే ఉంటాను" అంది పసుపు టోపీ గొంతు.

"తప్పకుండా ఉంటారుగా? మా వదినకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకండి."

డేగమ్మ చేతిలోని మేజోడు నీళ్లలోనే ఉండిపోయింది. ఇన్ని రోజులుగా దొరకని ముడి ఒక్క లాగుతో ఊడొచ్చినట్టనిపించింది. దుకాణం మూసెయ్యడం ఇందుకే. నదీబాట ఇందుకే. జుట్టు నెరిశాక ఈ మనిషికి ఒక పసుపు టోపీ కావాల్సొచ్చింది! కావాలంటే ధైర్యంగా అన్నకి చెప్పి చేసుకోవచ్చు, ఎవరొద్దంటారు? అలా కాక, వదినతో వెళ్లానని నలుగురికీ చెప్పుకోడానికి తనను వెంటేసుకొచ్చింది. అంటే తను మనిషి కాదు, టిక్కెట్టు. ఎవరైనా అడిగితే తీసి చూపించే టిక్కెట్టు.

కోపం కంటే ఎక్కువగా ఏదో గుచ్చుకుంది. రమ్మని పిలిచినప్పుడు, ఎంత అనుమానపడ్డా, మనసులో ఒక మూల సంతోషించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

మధ్యాహ్నానికి దారి రెండుగా చీలింది. పైదారి ఎడమ పక్క వాలు ఎక్కి పోతోంది. దాని మొదట్లో ఉన్న రాయి మీద తెల్ల గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కిందిదారి నది ఒడ్డునే పోతోంది. అక్కడి రాయి మీదా ఒకప్పుడు తెల్ల గీత ఉండేది. దారి మూసేశారన్నట్టు దాని మీద నల్ల రంగు పులిమి ఉంది. 'చరియ కాస్త విరిగుంటుంది' అనుకుంది డేగమ్మ. 'రెండు దార్లూ చివరికి ఒకచోటే కలుస్తాయి. కిందనుంచి పోతే పైబసను తప్పించుకుని అవతలి బసకు చేరొచ్చు. కూర్చోనీ ఆ పసుపు టోపీని, దారి చూస్తూ.'

"గీతలు ఎటున్నాయి వదినా?" అంది వెనకనుంచి ఆడపడుచు.

"కిందికే" అంది డేగమ్మ.

"పైకి కదా వెళ్లాలి మనం?"

"కిందినుంచే పైకెళ్తుంది. కనిపిస్తోందిగా తెల్లగా!"

ఆడపడుచు తల ఎత్తి ఆ రాళ్ల వంక చూడనే లేదు. "సరే, పద" అంది. జీవితమంతా ఇతరుల అబద్ధాలు పట్టుకున్న మనిషి తడుముకోకుండా అబద్ధమాడింది. ఆ అబద్ధం ఇంత తేలిగ్గా చెల్లిపోవడమే ఆమెకు వింతగా తోచింది.

మొదట్లో దారి బాగానే ఉంది. తర్వాత సన్నబడింది. తర్వాత నది బాటను కొరికేసిన చోటు వచ్చింది. అక్కడ నిలువెత్తు బండ మీదనుంచి చేతులతో పట్టుకుని దిగాల్సొచ్చింది. దిగేటప్పుడు ఆడపడుచు పాదం గాల్లో తడుముకుంది, మోకాలు గీసుకుపోయింది. ఆ తర్వాత దారే లేదు. ఎటు చూసినా ఏనుగుల్లాంటి రాళ్లు, వాటి సందుల్లో నీళ్లు. పొద్దుటినుంచీ కరిగిన మంచు నీరంతా ఎగువనుంచి అప్పుడే వస్తున్నట్టుంది. ఇందాక పొడిగా ఉన్న రాళ్లు తడిశాయి, తడిసినవి మునిగాయి. కొండ నీడ ఒక్కసారిగా లోయను కప్పేసింది.

"వెనక్కి పోదాం" అంది డేగమ్మ.

ఆడపడుచు కదల్లేదు. ఉన్నచోటే ఒక రాయిని చేత్తో తడిమి, దానిమీద కూర్చుంది.

"నేను రాలేను వదినా. నాకు కనిపించట్లేదు."

"ఏం కనిపించట్లేదు?"

"ఏమీ."

ఇంకా వెలుతురు ఉంది. పుస్తకం చదువుకోలేకపోవచ్చు గానీ, ఎదుటి రాయి మీది నాచు కూడా కనిపించేంత వెలుతురు. 'ఇదో నాటకం' అనుకుంది డేగమ్మ. 'పైబసకు తీసుకుపొమ్మని ఇప్పుడు ఏడుస్తుంది.' నాటకాలను పట్టుకోవడం ఆమెకు కొత్త కాదు. చప్పుడు కాకుండా పక్కకు జరిగింది. నది హోరులో అడుగుల చప్పుడు ఎలాగూ వినిపించదు. ఆడపడుచు కుడిచేతివైపు నుంచి చుట్టూ తిరిగి ఎడమచేతివైపుకొచ్చి, జానెడు దూరంలో నిలబడింది.

ఆడపడుచు ఇందాక డేగమ్మ నిలబడ్డ ఖాళీ రాయి వంకే చూస్తూ మాట్లాడింది.

"నీకు ముందే చెప్పాల్సింది వదినా. కోప్పడకు. దుకాణంలో మర కిందపడితే దొరకడం మానేసింది మొదట. చేతిలో ఉన్నది కనిపించేది, పక్కన పడ్డది కనిపించేది కాదు. డాక్టరు దగ్గరికెళ్తే, కన్ను అంచులనుంచి మూసుకొస్తోందన్నాడు. మందు లేదన్నాడు. పగలు ఒక గొట్టంలోంచి చూసినట్టుంటుంది. మసక పడితే అదీ ఉండదు. వింటున్నావా? వదినా?"

ఎవరూ లేని ఆ రాయి వైపు చెయ్యి చాపింది. చెయ్యి గాల్లో అటూ ఇటూ వెతికింది. "వదినా!" ఈసారి గొంతులో భయం.

డేగమ్మ గబుక్కున వంగింది. ఎడమ పక్కనుంచి ఆ చేతిని పట్టుకుంది. అటునుంచి చెయ్యి వస్తుందనుకోని ఆడపడుచు ఉలిక్కిపడింది. క్షణం తర్వాత ఆమెకు అర్థమైంది.

"ఇందాకట్నుంచీ ఇక్కడున్నావా?"

డేగమ్మ ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నన్ను పరీక్ష చేశావా?"

"చేశాను" అంది డేగమ్మ. అన్నాక ఇక దాచడానికేమీ మిగల్లేదనిపించి మొత్తం చెప్పేసింది. గోడ అవతలి మాటలు విన్న సంగతి, పసుపు టోపీ గురించి తను అల్లుకున్న కథ, చివరికి చీలిక దగ్గర తెల్ల గీత సంగతి కూడా. "గీత పైకే ఉంది. కింద నల్లరంగు పూసి ఉంది. నీకు అబద్ధం చెప్పాను."

ఆడపడుచు చెయ్యి విదిలించుకుంది. ఇన్నేళ్లలో ఆమె గొంతు పెంచడం డేగమ్మ ఎన్నడూ వినలేదు. ఆరోజు నది హోరును మించి వినిపించింది.

"నీ కళ్లని నమ్ముకునొచ్చాను నేను! గీత ఉందా అని అడిగితే ఉందన్నావు. ఆ ఒక్క మాట మీదే నా కాలు పడుతోంది. నా కాలు ఎక్కడ పడాలో నీ నోటికే వదిలేశాను. నీకు నా మీద అనుమానముంటే మొహం మీద అడగొచ్చుగా. పాసు ఎవరిదని అడిగినట్టు అడగొచ్చుగా!"

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదు" అంది ఆడపడుచు. "అయినా అడగాల్సింది."

చీకటి పడుతోంది. డేగమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని నీళ్లకు ఎత్తుగా ఉన్న ఒక బండ చాటుకు చేర్చింది. ఉన్న బట్టలన్నీ తొడుక్కుని, రెండు నిద్రసంచులూ కలిపి కప్పుకుని, వీపులు ఆనించుకుని కూర్చున్నారు. కోపంగానే కూర్చున్నారు. చలి మాత్రం ఎవరి కోపాన్నీ లెక్కచెయ్యలేదు.

తెలతెలవారుతుండగా పైనుంచి ఈల వినిపించింది. పసుపు టోపీ తాడు భుజాన వేసుకుని రాళ్ల మీదుగా దిగి వస్తున్నాడు.

'ఇంత పొద్దున్నే ఎలా వచ్చాడబ్బా?' అనుకుంది డేగమ్మ. అనుకుని, తన మీద తనకే ఒళ్లుమండింది.

"సాయంత్రానికి మీరు రాకపోతే వెతుకుతానని మాటిచ్చానండీ" అన్నాడు అతను, ఆడపడుచు మోకాలికి గుడ్డ కడుతూ. "పైదారంతా చూశాను, లేరు. రాత్రే ఇటు దిగితే నేనూ జారేవాణ్ణి. మా అమ్మకీ ఇదే జబ్బు. మొదటిరోజు సూపు గిన్నె తోసినప్పుడే అనుకున్నా. ఎక్కడ వెలుతురు తొందరగా పోతుందో, ఎక్కడ అంచులున్నాయో మీ ఆడపడుచుగారు రోజూ అడిగి తెలుసుకునేవారు. మీకు చెప్పొద్దన్నారు."

డేగమ్మ తల ఎత్తలేకపోయింది. తాడు పట్టుకుని బండ ఎక్కడానికి గంటన్నర పట్టింది. పైబసలో వేడి టీ తాగి, మోకాలు కడిగించుకుని, ఆడపడుచు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. లేచేసరికి డేగమ్మ రెండు సంచులూ మంచం పక్కన సర్ది పెట్టింది.

"వెనక్కి పోదాం. లోయలోకి రేపు జీపు వస్తుందట" అంది.

"నువ్వు వెళ్లు. నేను మంచుకొండ దాకా వెళ్తాను."

"ఎవరితో వెళ్తావు?"

"ఎవరైనా దొరుకుతారు."

"ఎవర్ని పడితే వాళ్లని ఎలా నమ్ముతావు?" అని నోరు జారింది డేగమ్మ. ఆడపడుచు ఆ రోజుకు మొదటిసారి నవ్వింది. నవ్వు సగంలోనే ఆపేసింది, ఇంకా క్షమించలేదని గుర్తొచ్చినట్టు.

డేగమ్మ మంచం అంచున కూర్చుంది. "ఒక్కటి చెప్పు. నన్నెందుకు పిలిచావు? నేనంటే నీకు పడదుగా."

"పడదని ఎవరన్నారు?" అంది ఆడపడుచు. "అన్నయ్యకి చెప్తే ఏడుస్తాడు. ఏడుస్తూ నడిచేవాడు నాకేం దారి చూపిస్తాడు? మంచి మనుషులైతే రాయి బాగానే ఉందిలే అనుకుని కాలేస్తారు. నువ్వు రాయిని కూడా నమ్మవు. కర్రతో పొడిచి, కదిపి, తిట్టి మరీ కాలేస్తావు. నీ వెనకాల నడిస్తే నేను పడను. అందుకే పిలిచాను. చెప్తే జాలిపడి చెయ్యి పట్టుకుని నడిపిస్తావని చెప్పలేదు. కళ్లు పూర్తిగా పోయేలోపు ఒక్కసారైనా మామూలు మనిషిలా నడవాలనిపించింది."

డేగమ్మ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి, సంచుల్లో జీపు ప్రయాణానికని పైన పెట్టిన వాటన్నిటినీ మళ్లీ అడుక్కి సర్దింది.

అక్కణ్ణుంచి మిగిలిన దారి ఇద్దరూ వేరే తీరుగా నడిచారు. ఒక కర్రకు ముందు కొస డేగమ్మ చేతిలో, వెనక కొస ఆడపడుచు చేతిలో. "మెట్టు. తడి రాయి. ఇక్కడ చిన్న కాలవ, కాలు చాపి వెయ్యి. ఎడమ పక్క ఖాళీ, కుడికి ఒదుగు." రోజంతా ఆమె నోరు మూతపడలేదు. చీలికలు వచ్చినప్పుడు ఆడపడుచు ఆగి, "గీత ఎటుంది?" అని అడిగేది. డేగమ్మ చెప్పేది. చెప్పాక కూడా ఆడపడుచు ముందుకొచ్చి, రాయి మీద అరచెయ్యి ఆనించి, మొహం దగ్గరపెట్టి, ఆ తెల్లరంగును తన కళ్లతో వెతుక్కుని చూసుకునేది. ప్రతి చీలిక దగ్గరా అంతే. డేగమ్మ కర్ర పట్టుకుని ఓపిగ్గా నిలబడేది. తనను ఒకరు అలా తనిఖీ చేస్తుంటే ఎలా ఉంటుందో ఆమెకు అప్పటిదాకా తెలియదు. బాగుండదు. అయినా నిలబడింది. పసుపు టోపీ మధ్యలో ఒక ఉపనది దగ్గర తన పని ఉందని విడిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆడపడుచుకు తన ఈల ఇచ్చాడు. డేగమ్మ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, క్షమించమని అడగబోయి, "టోపీ బాగుంది మీది" అని మాత్రం అనగలిగింది.

చివరి కనుమ ఎక్కేసరికి గాలి పలచబడింది. చెట్లు ఎప్పుడో అయిపోయాయి. కనుమ దిగితే, మంచుకొండ పాదం దగ్గర నది పుట్టే మడుగు. మిట్టమధ్యాహ్నం వెలుతురు కళ్లలోకి గుచ్చుకుంటోంది. ఆడపడుచు రాయి మీద కూర్చుని కదలకుండా చూసింది. తల కొంచెం కొంచెం తిప్పుతూ, ఒక్కో ముక్కా చూసింది.

"నాకు గుండీ అంత కనిపిస్తోంది" అంది. "మిగతాది నువ్వు చెప్పు."

డేగమ్మ ఎప్పుడూ దేన్నీ వర్ణించిన మనిషి కాదు. "నీళ్లు నీలంగా ఉన్నాయి" అంది.

"ఎలాంటి నీలం?"

"డిపోలో కొత్త బస్సుకి వేస్తారే, ఆ నీలం. పైన మంచు... కడిగిన పింగాణీలా ఉంది. పక్కన పగుళ్లున్నాయి, వాటి లోపల ఆకుపచ్చ."

"మంచు లోపల ఆకుపచ్చేంటి?"

"ఉంది మరి."

"నాకు అనుమానంగానే ఉంది" అంది ఆడపడుచు. "నన్ను సంతోషపెట్టడానికి కల్పిస్తున్నావు."

"నా మాట మీద అనుమానమా నీకు?"

"ఒకసారి మోసపోయాగా వదినా."

డేగమ్మ లేచి, ఆమె గడ్డం పట్టుకుని, మొహాన్ని నెమ్మదిగా కుడిపక్కకు తిప్పింది. కాస్త పైకి. ఇంకాస్త. ఆడపడుచు కళ్లు చికిలించింది. పగుళ్ల లోపలి ఆకుపచ్చ ఆ గుండీ అంత చూపులోకి వచ్చినట్టుంది, పెదవులు విడివడ్డాయి. చాలాసేపు అలాగే ఉండిపోయింది. డేగమ్మ చెయ్యి తియ్యలేదు.

ఇంటికొచ్చాక అన్నకు చెప్పారు. అనుకున్నట్టే ఆయన ఏడ్చాడు. ఆడపడుచు దుకాణం పైగది ఖాళీ చేసి వాళ్లింటికి రావడానికి ఒప్పుకోలేదు. ఆ మెట్లు తనకు పాదాలతో తెలుసునంది. డేగమ్మ పట్టుబట్టలేదు. కాకపోతే రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్తుంది. ఇద్దరూ నది గట్టు మీద నడుస్తారు. ఈ మధ్య ఆడపడుచు ఇంకో మాట ఎత్తింది. ఆనకట్ట దగ్గర్నుంచి కిందికి, నది సముద్రంలో కలిసే దాకా నడిస్తే ఎలా ఉంటుందని.

"అటంతా చదునేగా. అందులో ఏముంది?" అంది డేగమ్మ.

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండా నువ్వు అడగవు. అసలు సంగతేంటో చెప్పు ముందు."

"ఏమీ లేదంటే నమ్మవేం వదినా!"

డేగమ్మ ఆమె మొహంలోకి నిశితంగా చూసింది. నమ్మకం కుదరలేదు. మర్నాడే బజారుకెళ్లి, చదును నేల మీద నడిచే బూట్లు ఎలా ఉంటాయో వాకబు చేసొచ్చింది.